పిల్లికి అరబిళ్ళ

పెంపుడు పిల్లికి రాత్రికి రాత్రి బుగ్గ ఉబ్బితే మన ఇళ్ళలో వైద్యం మొదలుకావడానికి ఐదు నిమిషాలు పట్టదు. పారాసిటమాల్ 650 అలమారలో ఉండనే ఉంటుంది. మనిషికి ఒకటి కాబట్టి పిల్లికి సగం; దయగలవారైతే పావు. పొడిచేసి పాలలో కలిపి పోస్తారు, వాపు మీద పసుపు పట్టిస్తారు, తెల్లారేసరికి తగ్గిపోతుందని అభయమిస్తారు. బుగ్గ ఎందుకు వాచిందన్నది ఈ వైద్యంలో అనవసరపు ప్రశ్న.

కాస్త లెక్క చూద్దాం. నాలుగు కిలోల పిల్లికి అరబిళ్ళ అంటే కిలోకి 80 మిల్లీగ్రాముల పైమాటే. కిలోకి 10 మిల్లీగ్రాములకే విషలక్షణాలు కనబడిన పిల్లులున్నాయి. ‘చంటిపిల్లలకే పోస్తాం కదా’ అనేవారు బరువు చూస్తున్నారు గాని కాలేయాన్ని చూడటం లేదు. మన కాలేయం ఈ మందును చాలావరకు గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి మూత్రంలోకి సాగనంపుతుంది. ఆ పనికి కావలసిన యూజీటీ1ఏ6 అనే జన్యువు పిల్లుల్లో చెడిపోయి ఉంది. బయటికి పోలేని మందు విషంగా మారి ఎర్రరక్తకణాల మీద పడుతుంది. హిమోగ్లోబిన్ కాస్తా ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్ అవుతుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ఆయాసం వస్తుంది, ముఖమూ పాదాలూ వాస్తాయి. అవును, ముఖమే. వాపు తగ్గాలని వేసిన బిళ్ళ వాపునే తెచ్చిపెడుతుంది. రెండో బుగ్గ కూడా ఉబ్బడం చూసి, రోగం ముదిరిందని మిగిలిన సగమూ వేసే పట్టుదల మనవాళ్ళకుంది.

‘మా పిల్లికి వేశాం, తగ్గింది’ అనే సాక్షులూ ఉంటారు. వాళ్ళది అబద్ధం కాకపోవచ్చు. వీధిపిల్లితో కొట్లాటలో కోర సూదిలా దిగుతుంది. పైచర్మం చప్పున మూసుకుంటుంది. లోపల పాశ్చురెల్లా వంటి సూక్ష్మజీవులు చేరి రెండు మూడు రోజుల్లో బుగ్గ నిమ్మకాయంత అవుతుంది. ఆ గడ్డ తనంతట తాను పగిలి చీము కారిపోతే వాపు తీస్తుంది. పగిలింది గడ్డ, సన్మానం బిళ్ళకు! కంటికింద వాపైతే పైదవడ పన్ను వేరుకు చీము పట్టి ఉండొచ్చు; ఆ పన్ను సంగతి తేల్చేదాకా అది మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంటుంది. కందిరీగ కుట్టి ఉండొచ్చు, పాము కాటేసి ఉండొచ్చు, ముసలి పిల్లికైతే కాన్సరే కావచ్చు. ఇన్నింటికీ ఒకటే అరబిళ్ళ.

పశువుల డాక్టరు దూరం, ఖర్చు ఎక్కువ అనే మాటలో న్యాయముంది. గేదెల కోసం కట్టిన ఆస్పత్రిలో పిల్లిని పట్టించుకునే తీరిక అన్నిచోట్లా ఉండదు. కానీ డాక్టరు దొరకకపోవడం బిళ్ళ వేయకపోవడానికి కారణం గాని, వేయడానికి కాదు. గడ్డను నొక్కకుండా, పిల్లిని బయటికి వదలకుండా, నీళ్ళు అందుబాటులో ఉంచి ఉదయమే తీసుకెళ్ళవచ్చు. ఊపిరి కష్టమైనా, చిగుళ్ళు రంగు మారినా, పాముకాటని అనుమానమున్నా ఆ రాత్రే బయల్దేరాలి. బిళ్ళ ఇప్పటికే పడి ఉంటే ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మేలు. తీరా అక్కడికి వెళ్ళాక ‘ఏం పెట్టారు?’ అని డాక్టరు అడిగితే మన గృహవైద్యులు ‘పాలేనండీ’ అంటారు. పాలలో ఏం కలిపారని ఆయన రెండోసారి, మూడోసారి అడిగే సమయమంతా విరుగుడు పనిచేయాల్సిన గంటల్లోంచే పోతుంది.