అతిథి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: హైదరాబాదు మిత్రుడొకడు భార్యతో, ఇద్దరు పిల్లలతో విశాఖపట్నం వస్తూ శనివారం తెల్లవారుజామున ఫోనులో నాలుగు ముక్కలు పంపాడు. పంపింది వచనమే. వచనానికి టీక రాయడం పండితులకు పరువు తక్కువ గనుక దాన్ని ఆటవెలదిలో పెట్టినవాడు ఈ వ్యాఖ్యాత. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాటిచ్చి మరీ కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఇక్కడ అలాంటి హామీ ఏదీ లేదు.

మూలం:

వచ్చినాము మేము, వైజాగు చూపించు;
కొండ, కడలి, గుహలు, గుడులు చాలు;
తొందరేమి లేదు, తోచినంత తిరిగి
ఎల్లి రాత్రి రైలు నెక్కుతాము.

ప్రతిపదార్థం: వచ్చినాము = ఇంకా రాలేదు. సందేశం అందేసరికి బండి తుని దాటలేదు. ప్రయాణికుల భాషలో భూతకాలం భవిష్యత్తును సూచిస్తుందని ప్లాట్‌ఫారం మీద గంటన్నర నిలబడ్డాక బోధపడుతుంది. మేము = నలుగురు, ఆరు సంచులు. వైజాగు = విశాఖపట్నమే. ‘విశాఖ’ అంటే యతి చెడుతుంది. చాలు = సరిపోతాయి. కొండ, కడలి, గుహలు, గుడులు పోతే ఈ ఊళ్లో మిగిలేది ఉక్కు ఫ్యాక్టరీ, మా ఇల్లు. తొందరేమి లేదు = చాలా ఉంది. ఎల్లి = రేపు. హైదరాబాదువాడి నోట ఈ మాట ఎలా వచ్చిందని అడగవద్దు. యతి కోసం వచ్చింది.

ఇక ‘చూపించు’ దగ్గర కాసేపు ఆగాలి. చూచు ధాతువుకు ప్రేరణార్థకం ఇది. తాను చూసినదాన్ని ఇతరుల చేత చూడజేయడం అని అర్థం. ఇక్కడే శంక. తాను చూడనిదాన్ని ఒకడు చూపించగలడా? ముప్ఫయ్యేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్న ఈ వ్యాఖ్యాత బొర్రా గుహలకు వెళ్లలేదు. జలాంతర్గామి లోపలికి అడుగు పెట్టలేదు. తొట్లకొండ ఎక్కలేదు. పక్కనే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయి, ఎప్పుడైనా చూడొచ్చు అన్నది కారణం. వంటవాడు రుచి చూడకుండా వడ్డించడం లేదా అని ఒక సమాధానం చెప్పవచ్చు. అది మా ఆవిడకు నచ్చలేదు.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో ‘చూపించు’కు ఎదురుగా ఆతిథేయుడి జవాబు కూడా కనిపిస్తుంది: “మా ఊళ్లో ఏముందిరా చూడ్డానికి!” ఇది వినయం వల్ల పుట్టిన పాఠం కాదు, అజ్ఞానం వల్ల పుట్టింది. అయినా ఊరూరా ఇదే పాఠం దొరుకుతోంది.

గుహలు: ఊరికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి కొండల్లో. ‘పక్కనే’ అని నేనన్నది వీటినే. సున్నపురాయిని నీరు కరిగించి తొలిచిన గుహలివి. పైనుంచి చుక్కచుక్కగా కారిన నీరు రాతిని వేలాడదీసింది, కిందినుంచి మొలిపించింది. లోపలికి వెళ్లగానే మిత్రుడు గైడును వదిలేసి నన్నడగడం మొదలుపెట్టాడు, ఊరివాణ్ని గదా అని. నేను గైడు గొణిగినదాన్ని గట్టిగా చెప్పాను. వ్యాఖ్యాతలు చేసే పని ఇంతే. గుహలో పడిపోయిన ఆవును వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనిపించిందని, అందుకే ఇక్కడి ఏటికి గోస్తని అని పేరని గైడు కథ. గో అంటే ఆవు, స్తనం అంటే పొదుగు. సమాసం విప్పి చెప్పింది మాత్రం నేనే. ఆ ఒక్క వాక్యానికి పిల్లలు నన్ను కొంత గౌరవంగా చూశారు. బయటికొచ్చాక బొంగు చికెన్ వాసనకు ఆ గౌరవం ఆవిరైపోయింది.

గుడులు: బహువచనం గౌరవార్థం. వెళ్లింది సింహాచలం ఒక్కటే, ఆదివారం పొద్దున్నే. స్వామి ఏడాది పొడుగునా చందనపు పూతలోనే ఉంటాడు. నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే. “మీరు చూశారా అన్నయ్యగారూ?” అని మిత్రుడి భార్య అడిగింది. ఆ రోజు క్యూ ఎక్కువమ్మా అన్నాను. ముప్ఫై తదియలూ అదే జవాబుతో గడిచాయి. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో ఈ కొండకు వచ్చాడు. ఆయన వేయించిన శాసనం గుడిలో ఉంది. ఆయనకు ఊరు చూపించినవాడెవడో చరిత్ర చెప్పదు. అప్పటినుంచీ మా జాతికి ఇదే గతి.

కడలి: అలలు, మురీ మిక్చర్. ఇందులో వ్యాఖ్య అవసరమైనది కురుసురా. జలాంతర్గామి ఒడ్డున ఏం చేస్తోందని శంక. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా ఉంది. విశ్రాంత ఉద్యోగి సముద్రం ఎదురుగా కూర్చోవడంలో వింత లేదని సమాధానం. పొడవు 91 మీటర్లు. రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకు వెళ్తాను గనుక పొడవు నాకు తెలుసు. ఇరుకు తెలియదు. గదికీ గదికీ మధ్య ఉన్న గుండ్రటి ద్వారంలో మిత్రుడి పొట్ట ఆగిపోయినప్పుడు అది ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

కొండ: ఏకవచనం. ఊళ్లో కొండలు అనేకం కదా అంటే, ఇది జాతి ఏకవచనం. ఏ కొండ అన్నదానిపై మతభేదాలున్నాయి. రోప్‌వే ఉన్నదే కొండ అని పిల్లలు, కనుక కైలాసగిరి. నీడ ఉన్నదే కొండ అని మా ఆవిడ. వ్యాఖ్యాత మతం తొట్లకొండ. నీళ్ల కోసం రాతిలో తొలిచిన తొట్లు ఉన్న కొండ కాబట్టి ఆ పేరు. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా, బౌద్ధ భిక్షువులు ఉండిన చోటు. నౌకాదళం ఆకాశం నుంచి సర్వే చేస్తుండగా 1976లో ఇది బయటపడింది. అంటే ఊరివాళ్ల కంట పడనిది విమానంలో వెళ్లేవాడి కంట పడిందన్నమాట. ఇందులో నా ఒక్కడి తప్పే లేదని తేలడంతో ఎండలో కూడా హాయిగా అనిపించింది. మిత్రుడు ఒక తొట్టిలోకి తొంగి చూసి, “వాన నీళ్లేనా తాగేవాళ్లు?” అన్నాడు. అవునన్నాను. ఈసారి అది సరైన జవాబే.

అలంకారం: అతిశయోక్తి. ‘తోచినంత తిరిగి’ అన్నచోట.

పద్యంలో లేనిది భీమిలి. అక్కడికి వెళ్లింది డచ్చివాళ్ల సమాధుల కోసం. అవి చూశాక, ఏరు సముద్రంలో కలిసే చోట అందరం నిలబడ్డాం. మిత్రుడి చిన్నకూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, “ఇదేం నది అంకుల్?” అంది. గోస్తని అన్నాను, బోర్డు చదివి. “నిన్న గుహ దగ్గర ఆవు పేరు నది ఉంది కదా, అదేనా?” కాదమ్మా, అది వేరు, ఇది వేరు అన్నాను. ఆవు పొదుగు అని సమాసం విప్పిన నోటితోనే అన్నాను. పిల్ల తండ్రి ఫోను చూశాడు. అదే నది. బొర్రాలో పుట్టి భీమిలిలో సముద్రంలో కలుస్తుంది. మేము శనివారం దాని మొదలు చూసి, ఆదివారం దాని చివర చూశాం. ముప్ఫయ్యేళ్లలో ఆ రెండు పేర్లూ విడివిడిగా విన్నానే గానీ, ఒకదాని పక్కన ఒకటి పెట్టలేదు. మిత్రుడు నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

సాయంత్రం ఇంటికొచ్చి, రాత్రి రైలు కోసం సంచులు సర్దుతుండగా పిల్ల తన సీసాలో మా వంటింటి కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంది.

“మరి ఇవి ఏ నదివి అంకుల్?”

ఈ శంకకు సమాధానం మూలంలో లేదు. ఊరికి నీళ్లు నాలుగైదు చోట్లనుంచి వస్తాయమ్మా అని తప్పించుకున్నాను. బండి వేళకే వచ్చింది. సోమవారం పొద్దున మా వీధికి నీళ్లు వదిలే కుర్రాణ్ని పిలిచి అడిగాను.

“మనది తాటిపూడి లైనండి బాబూ,” అన్నాడు.

తాటిపూడి = గోస్తని మీద కట్టిన జలాశయం.