నా మీట మీద ఆటో లేదు

నేను పుట్టింది అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో. ఇసుజు కార్ఖానా 2016లో అక్కడ మొదలైంది. నా పేరు డీ-మ్యాక్స్ వీ-క్రాస్. 2.5 లీటర్ల డీజిల్ ఇంజను, వెనక తెరిచిన తొట్టి. రేకు వంచడం, రంగు పూయడం అన్ని బళ్ళకూ ఉన్నదే, వదిలేద్దాం.

నన్ను కొన్నది రాజపాళయం రాజుగారొకరు. విజయనగర కాలంలో తెలుగునేల విడిచి దక్షిణాదికి వచ్చామని చెప్పుకునే కుటుంబం. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. ఆ మాట చెవిన పడగానే పరాయి ఊరన్న బెంగ పోయింది.

వాళ్ళ తోట మంసాపురంలో, పడమటి కనుమల పాదాన. కొబ్బరి, మామిడి. ఎండాకాలం ఆ దారిలో ఏ బండైనా పోతుంది. అక్టోబరులో ఈశాన్య వానలు దిగాక చూడాలి నా సంగతి! నా గేరు పక్కన గుండ్రటి మీట ఒకటుంది. దాని మీద మూడే గుర్తులు. 2హెచ్ అంటే బలమంతా వెనక చక్రాలకే. తారు రోడ్డుకు అది చాలు. 4హెచ్ అంటే ముందు చక్రాలూ లాగుతాయి. బురదకూ ఇసుకకూ అది. 4ఎల్ నిలువు ఎక్కుళ్ళకు. వేగం పోయి బలం రెట్టింపుకు మించుతుంది, బండి ఆపి వేసుకోవాలి.

తొలి డ్రైవరు పెద్దగా చదువుకోలేదు గానీ నన్ను చదివాడు. తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువుండదని, తడి మట్టిలో అవే ముందు జారతాయని ఎరుగును. కణ్మాయి (చెరువు) కట్ట దగ్గరికి రాగానే మీట తిప్పేవాడు. దిగబడ్డాక కాదు, దిగబడక ముందు. లారీలు కట్ట అవతలే ఆగిపోతే, నేను కాయల బుట్టలతో ఇవతలికి వచ్చేదాన్ని. ఆ గర్వం ఇంకా ఉంది.

తర్వాత అబ్బాయిగారు అమెరికా నుంచి తిరిగొచ్చారు. అక్కడి పెద్ద పికప్పుల్లో కొన్నింటికి ఆటో అని ఇంకో గుర్తుంటుంది. చక్రాల వేగాన్ని సెన్సర్లు కొలుస్తుంటాయి. వెనకవి జారితే కంప్యూటరు క్లచ్ పలకలను నొక్కి ముందు చక్రాలకూ కొంత బలం పంపుతుంది. పొడి రోడ్డు మీద మళ్ళీ సడలిస్తుంది. అక్కడక్కడా తడిసిన దారికి మంచి ఏర్పాటే. కానీ నాకది లేదు.

“నాన్నా, 4హెచ్‌లోనే ఉండనీండి, అదే చూసుకుంటుంది” అన్నారాయన. అలాగే మదురై దాకా ఎండిన తారు మీద తోలారు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం తిరగాలి. 4హెచ్‌లో రెండు ఇరుసులూ ఒకదానికొకటి బిగిసి ఉంటాయి. బురదలోనైతే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది; తారు జారనివ్వదు. షాఫ్టులు మెలిపడ్డాయి, టైర్లు ఒరుసుకుపోయాయి. నా మూలుగు పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. అరిగిన టైర్లలో రెండే మార్చి, అవీ వేరే సైజువి వేశారు. నాలుగూ కలిసి తిరగాల్సిన బండికి ఇంతకన్నా శిక్ష లేదు.

మెకానిక్కు బిల్లు చూశాక ఇంకో తప్పు మొదలైంది: మీటను ముట్టుకోవడమే మానేశారు. ఏళ్ళ తరబడి 2హెచ్. ముందు ఇరుసును కలిపే యంత్రాంగం కదలక పట్టేసింది. నూనె మార్చలేదు. ఒక వానాకాలం కణ్మాయి కట్ట మీదే కూరుకుపోయాను; అప్పుడు మీట తిప్పారు. డాష్‌బోర్డు మీద దీపం మిణుకుమిణుకుమంది, చక్రం కదల్లేదు. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాగారు. “ఫోర్ వీల్ అంతా ఒట్టి మాట” అన్నారు ఎవరో. ఆ మాటకే ఎక్కువ నొచ్చుకున్నాను.

ఇప్పుడు కొబ్బరి డొక్కల కుప్ప పక్కన నిలబెట్టారు. తొట్టిలో కోళ్ళు పడుకుంటున్నాయి. పాత ఇనుము బేరగాడు రెండుసార్లు వచ్చి తట్టి చూశాడు.

నా తమ్ముళ్ళను కొనేవారికి ఒక్క విన్నపం. మీ బండి మీట మీద ఏ గుర్తులున్నాయో ముందు చదవండి. ఆటో లేకపోతే పొడి తారు మీద 4హెచ్ వద్దు. నెలకోసారైనా మట్టి దారిలో కాస్త దూరం నాలుగు చక్రాలతో తోలండి. నాలుగు టైర్లూ ఒకే సైజువి వేయండి, నూనె మార్చండి. ఆటో ఉన్నా సరే, నాలుగు చక్రాలు బండిని లాగడానికే, ఆపేది బ్రేకులే. వానలో వేగం తగ్గించాల్సింది మీరే.