తువ్వాలు చాటు ఆరోగ్యం

మొత్తానికి అక్కడికీ ఒక సీసా వచ్చేసింది. మొహానికి వేరు, చేతులకు వేరు, కాళ్ల పగుళ్లకు వేరు అయిపోయాక ఇంకా ఏ చోటు మిగిలిందా అని వెతికి వెతికి పట్టుకున్నారు పాపం. ఫోన్ తెరిస్తే చాలు, తెల్లకోటు తొడుక్కున్న అమ్మాయి పీహెచ్ పాఠం మొదలుపెడుతోంది. సబ్బు రాస్తే పీహెచ్ చెడుతుందట, అందుకని రోజూ వాళ్ల సీసా వాడాలట. మొదటి మాట నిజమే. రెండో మాట అమ్ముకోవడానికే ఆ మొదటిది.

మన ఒంట్లోనే లాక్టోబాసిల్లై అనే సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ యోని పీహెచ్‌ను 3.8కీ 4.5కీ మధ్య నిలబెడతాయి. ఏ రీలూ చూడకుండానే, ఏ ఆఫరూ లేకుండానే. పైన మామూలు నీళ్లతో కడుక్కుంటే సరిపోతుంది, లోపలికి ఏదీ పోయక్కర్లేదు. పోస్తే ఆ మంచి జీవులు కొట్టుకుపోయి, చేపవాసన తెచ్చే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌కు దారి పడుతుంది. అప్పుడా వాసన పోవడానికి మళ్లీ గులాబీ పరిమళపు సీసా. వ్యాపారమంటే అదీ.

2012 గుర్తుందా? ఆ చోటు తెల్లబడితేనే మొగుడు పెళ్లాం వంక చూస్తాడని టీవీలో ప్రకటన వేశారు. అదే ఏడు, మళ్లీ పద్దెనిమిదేళ్లు తెప్పిస్తామని ఇంకో కంపెనీ జెల్లు. జనం తిట్టిపోశారు. ఇప్పుడు తెలుపు ఊసెత్తరు, పీహెచ్ అంటారు. బోర్డు మారింది గానీ దుకాణం అదే.

సరే, రీల్ చివర్న ఉచితంగా ఒక సలహా పడేస్తారు: కాటన్‌వి వేసుకోండి, ఎండలో ఆరేయండి. మంచి సలహా. చాంద్రాయణగుట్టలో ఎండకేం కరువు? గుట్ట మీద కేశవస్వామికీ కాస్తుంది, ఫ్లైఓవర్ మీద బస్సులకూ కాస్తుంది. మా గుడ్డలకే కాయదు.

మా బిల్డింగు డాబా మీద దండేల వరస చూడండి. పిట్టగోడ పక్కన, గాలీ ఎండా దండిగా తగిలేచోట, బార్కస్‌లో కొన్న గళ్ల లుంగీలు. వాటి పక్కన బనియన్లు, చిల్లులు పడ్డ మగ చెడ్డీలు, ఒక్కోదానికి రెండేసి క్లిప్పులు. తర్వాత పిల్లల యూనిఫారాలు. ఆ తర్వాత చీరలు, నైటీలు. అన్నిటికన్నా లోపల, నీళ్ల ట్యాంకు నీడలో, లంగా. లంగా కింద తువ్వాలు. తువ్వాలు కింద అది.

ఒకసారి తువ్వాలు తీసేసి ఆరేశాను. సాయంత్రానికి ఓనరమ్మ దాన్ని మడిచి, కవర్లో పెట్టి, చేతికిచ్చింది. "పైన పిల్లలు పతంగులు ఎగరేస్తరు గదమ్మా, ఏం బాగుంటది?" అంది. ఆ పతంగులెగరేసే పిల్లగాడి చెడ్డీయే కదండీ అవతల రెండు క్లిప్పులతో ఊగుతోంది! దానికి లేని సిగ్గు దీనికెక్కడిది? కింది వాటాలో ఉండే ఆపా అసలు డాబా దాకా రానే రాదు. బాత్రూము తలుపు వెనక మేకే ఆమెకు దండెం. పండగలు వేరు, పూజలు వేరు గానీ ఈ ఒక్క విషయంలో మా బిల్డింగులో మతసామరస్యం సంపూర్ణం.

ఇక ముసురు పట్టిందంటే చెప్పక్కర్లేదు. రెండో రోజుకీ ఎలాస్టిక్ దగ్గర చెమ్మ పోదు. చేత్తో నొక్కి చూసి, ముక్కు దగ్గర పెట్టి చూసి, బస్సు టైమవుతోందని అదే వేసుకుంటాం. దాని మీద బిగుతు లెగ్గింగు. సాయంత్రానికి తొడల సందుల్లో ఒరుపు, దురద, కొన్నాళ్లకు తామర. మెడికల్ షాపుకెళ్లి గొంతు తగ్గించి చెప్తే ఏదో క్రీము చేతిలో పెడతాడు. స్టెరాయిడ్ కలిసింది. నాలుగు రోజులు దురద ఆగుతుంది, లోపల తామర హాయిగా పాకుతుంది. అలాంటివి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదని 2018లోనే నిబంధన వచ్చింది. నిబంధన సంగతేమో గానీ నల్ల కవర్లో చుట్టి ఇవ్వడం మాత్రం మరిచిపోడు.

ఎండలో వేస్తే సర్వరోగాలూ పోతాయని నేననను. రోజూ మార్చాలి, ఉతికినది పూర్తిగా ఆరాకే వేసుకోవాలి, అంతే. దీనికి సీసా అక్కర్లేదు. ఆరు నెలలకోసారి అన్నీ పారేసి కొత్తవి కొనమనేవాళ్లకైతే నేను జవాబే చెప్పను.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. ఆడదానికి దురదొస్తే, మంటొస్తే, ముందుగా పడే నింద "శుభ్రం లేదు" అని. ఎవరికి లేదు శుభ్రం? నల్లా రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో బిందెలు మోసి ఇల్లంతా కడిగే మనిషికా? మదీనాలోనో లాడ్‌బజార్‌లోనో పొద్దున దుకాణంలో నిలబడ్డ పిల్ల రాత్రి దాకా ఒంటికి పోకుండా బిగబట్టుకుంటుంది. పోవాల్సొస్తుందని నీళ్లే తాగదు. మూత్రద్వారం నుంచి మూత్రాశయానికి ఆడవాళ్లలో దూరం 4 సెంటీమీటర్లే, క్రిములు చేరడానికి ఎంతసేపు? 2023 డిసెంబరు 9 నుంచి మాకు బస్సు ఫ్రీ, సంతోషం. దిగినచోట గడియ పడే తలుపు, నీళ్లొచ్చే బాత్రూము ఎక్కడ? దాని మీద రీల్ ఎవరూ చేయరు, కమీషన్ రాదు గదా.

షుగరు అదుపులో లేక, విరిగిన పాలలా తెల్లబట్ట మళ్లీ మళ్లీ అవుతున్న ఆవిడకు కావలసింది రక్తపరీక్ష, డాక్టరు. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రికి మా దగ్గర్నుంచి ఆటోలో పోవచ్చు. ఆమె పోదు. లోపల చూస్తారని సిగ్గు, ఇంట్లో ఏమని చెప్పాలని భయం. ఆ సిగ్గు నేర్పింది మనమే. ఆ భయం మీద ఇప్పుడు సీసాలు అమ్ముకుంటున్నది వాళ్లు.

ఓనరమ్మా, వచ్చే నెల అద్దెతో పాటు నాలుగు క్లిప్పులు కూడా తెస్తాను. పిట్టగోడ పక్క దండెం మీద నాకు జానెడు చోటివ్వండి. లుంగీలు కాస్త జరుగుతాయి.