శిలాఫలకాల గ్రంథాలయం

వికారాబాద్ జిల్లాకు ఒక స్థానిక చరిత్ర గ్రంథాలయం కావాలని ఎవరో అన్నారు. అక్కర్లేదు. ఇప్పటికే ఉంది, గోడలకు అతికించి. ఏ కొత్త భవనం ముందైనా నిలబడి శిలాఫలకం చదవండి: శంకుస్థాపన చేసినవారు, అధ్యక్షత వహించినవారు, విశిష్ట అతిథులు, గౌరవ అతిథులు. వందేళ్ల తర్వాత పరిశోధకుడెవరైనా వస్తే, ఇక్కడ అతిథులే తప్ప జనం ఉండేవారు కాదని రాసుకుని వెళతాడు. (తాండూరు నాపరాయి తొక్కడానికి, పేర్లు చెక్కడానికి గ్రానైటు. రాళ్లలోనూ హోదాలుంటాయి.)

జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు సంగతులంటారా? ఊరికి పేరిచ్చిన పాయగా నవాబు వికారుల్ ఉమ్రా, 1874లో వాడి జంక్షన్ నుంచి తాండూరు, వికారాబాద్ మీదుగా సికింద్రాబాద్ చేరిన రైలు, అనంతగిరి క్షయ ఆసుపత్రి... మైకు ముందు ఇవన్నీ వరసగా వస్తాయి. కాగితం చూపించమంటేనే గొంతు సవరించుకుంటారు. "పాత కాగితాల్లో ఏముంది సార్, చెదలు తప్ప!"

ఆ మాటన్న పెద్దమనిషే గట్టు తగాదా వచ్చిననాడు 1954-55 ఖాస్రా పహాణీ నకలు కోసం చెప్పులరిగేలా తిరుగుతాడు. అంతకన్నా పాత భూమి కాగితాలైతే ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాల లెక్కల్లో ఉంటాయి. చదివి చెప్పే ముసలాయన కోసం ఊరంతా వెతుకుతాడు. ఎకరం ధర పెరిగిన చోట చరిత్ర మీద భక్తి దానంతటదే పుడుతుంది. గజం నేల కూడా గెలిపించలేని కాగితాలున్నాయి చూడండి, తాత రాసుకున్న చందా పద్దు, గంజ్‌లో కందులమ్మిన తక్‌పట్టీ చీటీ, రాతి గనిలో కూలీల హాజరు పుస్తకం, వాటి గతి తూకమే. తక్కెడకు ఉర్దూ రానక్కర్లేదు కదా.

1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైంది. సొంతింట్లో పుస్తకాలు పెట్టుకున్నారు, అమాయకులు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కట్టే మనం మరింత పద్ధతిగలవాళ్లం. నవంబర్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరిపి, మిగతా ఏడాదంతా పుస్తకాలకు విశ్రాంతినిస్తాం.

పాత కట్టడం ఒకటి చూసి జిల్లా చరిత్ర గ్రంథాలయం అందులో పెడదామంటారా? సరే. ముందు డంగుసున్నం గీకేసి డిస్టెంపరు కొట్టించాలి. టేకు తలుపులు పీకి షట్టరు బిగించాలి. ఆపైన "వారసత్వ కట్టడం" అని ఫ్లెక్సీ. బీరువాలు, జాబితా రాసే మనిషి, ఉర్దూ చదివే మనిషి రెండో విడతలో. రాయి కొలతలు మాత్రం ఇవాళే ఇచ్చేయండి, అతిథుల జాబితా పొడుగ్గా ఉంది.