గుర్రాల సారు

సికింద్రాబాదు జూబిలీ బస్‌స్టేషన్ దగ్గర రాజీవ్ రహదారి ఎక్కి, కార్ఖానా, తిరుమలగిరి, అల్వాల్, హకీంపేట దాటి పోతే శామీర్‌పేట చెరువు వస్తుంది. ఆ చుట్టుపక్కల ఏ మట్టిరోడ్డు పట్టుకున్నా చివర ఆయన దొరుకుతాడు. తెల్ల ప్రహరీ, నల్ల గేటు, గేటు రెక్కకొకటి చొప్పున ఇనుప గుర్రం తల. లోపలికి వెళితే మోకాళ్ళ దాకా తోలు బూట్లు తొడుక్కున్న యాభై ఏళ్ళ మనిషి ఎదురొస్తాడు. బూట్లకు లద్దె అంటి ఉంటుంది. తుడుచుకోడు. వచ్చినవాళ్ళకు తెలియాలి కదా.

ఊరివాళ్ళు ఆయన్ని గుర్రాల సారు అంటారు. ఈ జాతిలో న్యూజెర్సీ నుంచి తిరిగొచ్చినవాళ్ళున్నారు, పుణె నుంచి దిగినవాళ్ళున్నారు. మనం చెప్పుకోబోయే నమూనా తెనాలి దగ్గర పుట్టి, బెంగుళూరులో పాతికేళ్ళు కంప్యూటరు ముందు కూర్చుని, నడుంనొప్పితో పాటు కాస్త డబ్బు కూడా వెనకేసుకుని, ఇక పల్లెటూరి బతుకు బతకాలని తెలంగాణకు వచ్చినవాడు. పల్లెటూరు కావాలంటే తెనాలి దగ్గరే ఉంది కదా, తాతలనాటి రెండెకరాలు కూడా ఉన్నాయి కదా అని అడిగి చూడండి. "అక్కడి వాతావరణం గుర్రాలకు పడదండీ" అంటాడు. పడనిది వాతావరణం కాదు, బాబాయిలు. సొంతూళ్ళో గుర్రం కొంటే సాయంత్రానికల్లా అరుగు మీద ముగ్గురు పెద్దలు కూర్చుని "వీడికేమొచ్చిందిరా?" అని విచారణ మొదలుపెడతారు. పరాయి రాష్ట్రంలో కొంటే అడిగే దిక్కుండదు. అడిగినా వాళ్ళు బంధువులు కారు. విరాటరాజు కొలువులో గుర్రాలు కాయడానికి చేరినప్పుడు నకులుడంతటివాడు కూడా దామగ్రంథి అని పేరు మార్చుకునే వెళ్ళాడు. కొత్త రాజ్యానికి పోయి గుర్రాలతో స్థిరపడ్డవాళ్ళలో మనకు తెలిసిన మొదటి పెద్దమనిషి ఆయనే. ఏడాది గడువు తీరగానే బయటపడ్డాడన్న సంగతి మన సారు పట్టించుకోలేదు.

స్థలం కొనేటప్పుడే లెక్క తప్పింది. సారుది సెంట్ల బుర్ర, ఎకరానికి నూరు. ఇక్కడివి గుంటలు, ఎకరానికి నలభై. "మూడెకరాల పన్నెండు గుంటలు" అంటే పన్నెండు సెంట్లని విన్నాడు. తీరా కొలిస్తే ముప్పై సెంట్లు తేలాయి. అమ్మినవాడు ఎంత అమాయకుడో అని రెండు రోజులు జాలిపడ్డాడు. ఆ అమాయకుడు ధర కూడా గుంటల లెక్కనే కట్టాడని రిజిస్ట్రేషన్‌కు ముందురోజు తెలిసింది. 2018లో రైతుబంధు మొదలై ఎకరానికి 4,000 రూపాయల చొప్పున చెక్కు చేతికొచ్చినప్పుడు మాత్రం ఆ బాధంతా తీరిపోయింది. చెక్కునూ పట్టాదారు పాసుపుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి బెంగుళూరు మిత్రులందరికీ పంపాడు. ఏం పండించావని ఒకాయన అడిగాడు. గడ్డి. తినేవాళ్ళు అప్పటికింకా రాలేదు.

ఆయన కోరుకున్నది మార్వాడీ గుర్రం. రెండు చెవుల కొసలూ పైన ఒకదాన్నొకటి ముట్టుకుంటాయే, ఆ జాతి. దొరికింది మలక్‌పేటలో పరుగులు తీసి రిటైరయిన రేసు గుర్రం. హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలీలో మొదలై, 1886లో ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్ కాలంలో మలక్‌పేటకు మారాయి. అక్కడ పరుగు తగ్గిన గుర్రం తర్వాత ఎక్కడ తేలుతుందన్నది దాని అదృష్టం. కొన్ని రైడింగ్ స్కూళ్ళకు పోతాయి, కొన్ని ఇలాంటి సార్లకు దొరుకుతాయి. గుర్రంతో పాటు వంశవృక్షం కాగితాలు కూడా వచ్చాయి. థరోబ్రెడ్ జాతిలో ఏ గుర్రానికైనా తండ్రి తాతల వరసన వెనక్కి పోతే, మూడొందల ఏళ్ళ కిందట ఇంగ్లండు చేరిన మూడు తూర్పుదేశపు మగ గుర్రాల్లో ఏదో ఒకదాని దగ్గర ఆగుతాం. తన ముత్తాత పేరు కోసం పెద్దమ్మకు ఫోన్ చేయాల్సొచ్చే సారు, గుర్రం ముత్తాతల పేర్లు మాత్రం గడగడా చదువుతాడు. మన తాతలకు బడిలో మాస్టారు జూలై 1 వేసినట్టు, ఈ గుర్రాలన్నిటికీ ఏ నెలలో పుట్టినా జనవరి 1నే వయసు పెరుగుతుంది. ఆ రోజు ఆయన బెల్లం పంచుతాడు. పక్క చేను రైతు ఒకసారి ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, "మా భూముల కాయితాల కంటె దీనియే సాఫుగున్నయి సారూ" అన్నాడు. ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరులో ప్రారంభించిన మూడుచింతలపల్లి అక్కడికి ఎంతో దూరం లేదు. ఆ మాటలోని ఘాటు స్థానికమైనదే.

కాగితాల్లో గుర్రానికి ఇంగ్లీషు పేరేదో ఉంది. ఊరి పిల్లలు ఒంటి రంగు చూసి ఎర్రోడన్నారు. ఎర్రోడే ఖాయమైంది.

గుర్రం మందలో బతికే జంతువు. ఒంటరిగా కట్టేస్తే దిగులు పడుతుంది. నెల తిరక్కుండానే ఎర్రోడు గడ్డి మాని కొట్టం తలుపు చెక్క కొరకడం మొదలుపెట్టాడు. తోడు కోసం పాతబస్తీ నుంచి తెల్లగుర్రం ఒకటి వచ్చింది. అది అంతకుముందు పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకుల్ని మోసింది. చాలా సాధువు. కాకపోతే తీన్మార్ వినబడితే ముందుకాళ్ళు ఎత్తి ఆడుతుంది. ఆషాఢంలో బోనాలు ఊరేగుతూ ప్రహరీ పక్కనుంచి పోతుంటే లోపల అది ఆడిన ఆటకు దడి విరిగింది. మర్నాడు ఊరి పెద్దలు వచ్చారు, క్షమాపణ చెప్పడానికేమో అనుకుంటూ సారు కుర్చీలు వేయించాడు. వాళ్ళు మల్లన్న పట్నాలకు గుర్రం కావాలని అడగడానికి వచ్చారు. కొమురవెల్లి మల్లన్నకు వాహనం గుర్రమే కదా. వద్దనడానికి ఆయనకు ఇంగ్లీషులో పది కారణాలు తోచాయి, తెలుగులో ఒక్కటీ తోచలేదు. గుర్రం వెళ్ళి, ఒళ్ళంతా పసుపు బండారుతో, కడుపునిండా బెల్లంతో తిరిగొచ్చింది. ఊళ్ళో దానికి వచ్చిన పలుకుబడి ఇప్పటికీ సారుకు రాలేదు.

భాష దగ్గర మరో చిక్కుంది. ఆ రెండు గుర్రాలకూ తెలుగు రాదు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ విన్నది దక్కనీయే. సాయీసు "చల్ బేటా" అంటే అడుగేస్తాయి. సారు యూట్యూబులో నేర్చిన ఇంగ్లీషు ఆజ్ఞలు ఇస్తే చెవులు వెనక్కి వాల్చి వేరే దిక్కు చూస్తాయి. తెనాలి యాసలో "రావే తల్లీ" అని బతిమాలినా ఫలితం అదే. సాయీసు ఆయనకన్నా ఇరవై ఏళ్ళు చిన్న, గుర్రాల విషయంలో నలభై ఏళ్ళు పెద్ద. సారు మనుమంచి భట్టు హయలక్షణ విలాసము తెప్పించి, కళ్ళజోడు పెట్టుకుని, సుడుల ఫలితాలు వెతుకుతుంటే, సాయీసు గుర్రం నుదురు అరచేత్తో ఒకసారి తడిమి "అచ్ఛా హై సాబ్" అని గడ్డి కోయడానికి పోతాడు.

ఇక దాణా. నాలుగొందల యాభై కిలోల గుర్రం రోజుకు ఎనిమిది తొమ్మిది కిలోల ఎండుమేత తింటుంది, ఇరవై ముప్పై లీటర్ల నీళ్ళు తాగుతుంది, మే నెలలో ఆ లెక్క కూడా చాలదు. డెక్కలు చెక్కి లాడాలు మార్చడానికి ఆరేడు వారాలకొకసారి నాల్‌బంద్ వస్తాడు. మేడంగారు మారేడ్‌పల్లి ఫ్లాటులోనే ఉండిపోయి ఆదివారాలు మాత్రం వచ్చి ఖాతా పుస్తకం తిరగేస్తుంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఆవిడ గట్టిగా అనదు, పేజీ తిప్పే చప్పుడులో వినిపిస్తుంది. అయితే ఆవిడ తెలివైంది. గుర్రాలకు ఉలవలు ఉడకేసిన నీళ్ళు పారబోస్తుంటే చూసి, గిన్నెలోకి వంపించి, చింతపండు పిండి, తిరగమోత పెట్టి చారు కాచింది. మీగడ వేసుకుని తిన్న అతిథులు ఏ హోటల్లోనూ ఇంత రుచి లేదన్నారు. ఆ ఫారంలో ఇప్పటిదాకా లాభం చూపించిన పంట అదొక్కటే.

అతిథులు వస్తే చారుకు ముందు చరిత్ర వడ్డిస్తాడు. 1806లో సికిందర్ జా పేరు మీద కంటోన్మెంటు వెలిసిన దగ్గర మొదలవుతుంది. 1916 జూలై 14న ఫ్రాన్సులో, సోమ్ యుద్ధంలో, హైవుడ్ దగ్గర మన దక్కన్ హార్స్ బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దౌడు తీసిన ఘట్టానికి లేచి నిలబడతాడు. ఆ దళం గుర్రాలు దిగి ట్యాంకులెక్కి చాలా ఏళ్ళయింది. ఆయన కథలో మాత్రం ఇంకా దౌడులోనే ఉంది. ఢిల్లీ తీన్ మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు లాన్సర్లదని, 1918లో హైఫా గెలిచిన అశ్వదళంలో మనవాళ్ళున్నారని చెప్తాడు. ఆ పూట పట్టణంలోకి దూసుకుపోయినవి జోధ్‌పూరు, మైసూరు దళాలన్న సంగతి చెప్పడు. చివరికి చర్చిల్ వస్తాడు. 1896లో నాలుగో హుస్సార్ల దళంలో కుర్ర అధికారిగా ఉన్న చర్చిల్ ఇక్కడికొచ్చి పోలో ఆడి గోల్కొండ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు. "ఎక్కణ్ణుంచి వచ్చాడో తెలుసా? బెంగుళూరు నుంచి!" అని ఆగి, అందరి ముఖాలూ చూస్తాడు. తనెక్కణ్ణుంచి వచ్చాడో మనం గుర్తు తెచ్చుకోవాలి. తెచ్చుకుంటే చారు త్వరగా వస్తుంది.

ఇంతకీ ఆయన గుర్రమెక్కడం ఎవరూ చూడలేదు.

జీను ఉంది, కాన్పూరు నుంచి వచ్చింది, హాల్లో సోఫా చేతి మీద దర్జాగా కూర్చుని ఉంటుంది. కళ్ళెం ఉంది, రికాబులు తళతళలాడుతుంటాయి. కానీ నిన్ననే డెక్కలు చెక్కించాం. లేదా వాన పడి నేల జారుతోంది. వాన లేకపోతే నేల గట్టిగా ఉంది, కీళ్ళకు మంచిది కాదు. ఎర్రోడికి జోరీగలు కుట్టి చిరాగ్గా ఉంది. ఏదీ లేని రోజున గ్రౌండ్‌వర్క్ నడుస్తుంటుంది. అంటే పగ్గం పట్టుకుని గుర్రం పక్కన నడవడం. పొద్దున గంట, సాయంత్రం గంట. బెంగుళూరులో డాక్టరు రోజూ నడవమని ఎన్నేళ్ళు మొత్తుకున్నా నడవని మనిషి, నడుంనొప్పి పోయేదాకా నడిచాడు. రోడ్డు పక్క టీ కొట్టులో "సారు ఈ ఉగాదికి ఎక్కుతడా, దసరాకు ఎక్కుతడా" అని పందేలు పడ్డాయి. చాలా పండుగలు పోయాయి, చాలా క్వార్టర్లు చేతులు మారాయి.

ఒకరోజు అలా పగ్గం పట్టుకుని నడుస్తుంటే మేకలు కాసే ముసలాయన ఆగి, కాసేపు పరకాయించి చూశాడు. "ఎనకట మా ఊర్లె గుర్రం దొరకే ఉండె సారూ. అది వొస్తుంటె మేం చెప్పులు చేతవట్టుకొని పక్కకు జరిగెటోళ్ళం. ఇగ నువ్వేమో గుర్రాన్ని పట్టుకొని నడుస్తున్నవు." ఇంకాస్త ఆలోచించి, "గిదే మంచిగున్నది" అని మేకల వెంట పోయాడు. సారు ఆ మాటను పొగడ్తగా లెక్కవేసుకుని అతిథులకు చెప్తుంటాడు. పొగడ్తే. ఆయన అనుకునే కారణానికి మాత్రం కాదు.

ఊరు ఆయన్ని తనవాడిగా కలుపుకున్నది ఎర్రోడికి శూల పట్టిన రాత్రి. గుర్రానికి వాంతి చేసుకునే వీలు లేదు. కడుపులోకి పోయింది వెనక్కి రాదు. పేగు మెలిపడితే ప్రాణం పోతుంది. మనిషి కిందపడి పొర్లినట్టు ఎర్రోడు పొర్లుతున్నాడు. డాక్టరు నగరం అవతలి నుంచి రావాలి, వచ్చేలోపు గుర్రాన్ని పొర్లనివ్వకుండా మెల్లగా నడిపిస్తూ ఉండమన్నాడు. అర్ధరాత్రి టార్చి వెలుగులో సారు, సాయీసు వంతులవారీగా నడుస్తుంటే, దొంగలనుకుని కర్రలతో వచ్చినవాళ్ళు సంగతి తెలుసుకుని అక్కడే ఆగిపోయారు. ఒకామె వాము నమలమంది, గుర్రాన్నా సారునా అన్నది తేలలేదు. ఇంకొకాయన దిష్టి అన్నాడు. కుర్రాళ్ళు వంతు తీసుకున్నారు. సర్పంచి తమ్ముడు కూడా రెండు చుట్లు నడిచాడు. డాక్టరు వచ్చి సూదిమందు వేసి, చెయ్యాల్సింది చేసి, ఇక చూడ్డమే అన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి ఎర్రోడు లద్దె వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. సారు కళ్ళు తుడుచుకుంటూ ఆ లద్దెను మూడు కోణాల్లో ఫోటో తీసి మారేడ్‌పల్లికి పంపాడు. "శుభం. గ్యాస్ బుక్ చేశారా?" అని జవాబొచ్చింది.

ఈమధ్య పక్కనున్న ఎకరన్నర పుణె నుంచి వచ్చిన ఒకాయన కొన్నాడు. వచ్చిన రోజే మన సారు గేటు దగ్గర నిలబడి ఆయన్ని లోపలికి పిలిచాడు. గుంటకు రెండున్నర సెంట్లని, బోరుకు ముందు పక్క బోర్ల లోతు అడగమని, టీ కొట్టులో ఏదీ చెప్పొద్దని బోధించాడు. చరిత్ర వడ్డించాడు, చారు పోయించాడు. ఆ తర్వాత మెల్లగా, తన దగ్గర గుర్రాలు మూడయ్యాయని, మూడోది చాలా నెమ్మదైనదని, ఖాళీ స్థలం చూస్తుంటే దానికేదో లోటుగా ఉన్నట్టుందని అన్నాడు.

"ఎక్కొచ్చా?" అని అడిగాడు కొత్తాయన, కళ్ళు మెరుస్తూ.

"ఎక్కకపోవడమేమిటండీ, గుర్రమన్నాక! కాకపోతే ఈ వారం డెక్కలు చెక్కించాం. ముందు మీరు దాని పక్కన నాలుగు రోజులు నడవండి."

టీ కొట్టులో పందేలు ఇప్పుడు ఇద్దరి మీద నడుస్తున్నాయి. కొత్తాయన మీదే ఎక్కువమంది కాశారు, ఇంకా నెల కాలేదు గనక తెలియక ఎక్కినా ఎక్కుతాడని.