మధ్యవర్తి లేని ఇళ్లు

మా రోజుల్లో తండ్రీకొడుకులు పోట్లాడుకోలేదని ఎవరన్నా అంటే నమ్మకండి. పొలం పంపకాల దగ్గరో, పెళ్లి సంబంధం దగ్గరో మాటా మాటా పెరిగి నెలల తరబడి పలకరింపులుండేవి కావు. అయినా ఇల్లు తెగిపోయేది కాదు. కొడుకు ఎదురుగా నిలబడి ఉండగానే తండ్రి పెళ్లాంతో, "రేపు నీళ్ల వంతు మనదే, వాణ్ణి చేనుకి పొమ్మను" అనేవాడు. "పోతానని చెప్పమ్మా" అనేవాడు కొడుకు. "నువ్వు రాందే మీ నాన్న విస్తరి ముందు కూర్చోనంటున్నాడురా" అని ఆయన అనని మాట కూడా కలిపి చెప్పేది ఆ తల్లి.

అప్పటికీ తెమలకపోతే మేనమామకు కబురు. ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని, ఇద్దరికీ చెరో నాలుగు చీవాట్లు పెట్టి, "మీరిద్దరూ ఒక పంక్తిలో కూర్చుంటేనే నేను చెయ్యి కడిగేది" అని భీష్మించేవాడు. ఆయన మాట తీసేసే ధైర్యం ఎవరికుంది?

ఇప్పుడు తండ్రి ఒక మాట అంటే కొడుకు నంబరు బ్లాక్ చేస్తాడు. అంతే, కథ కంచికి. మేనమామ కల్పించుకోబోతే "ఇది మా పర్సనల్" అంటారు. కన్నవాళ్లూ తక్కువ తినలేదు. పరువు పోతుందని నోరు విప్పరు, "అబ్బాయి బిజీ అండీ" అని కప్పేస్తారు. పదో తరగతి కాగానే హాస్టల్లో పడేసి, ఫోన్లో మార్కులు తప్ప ఇంకోటి అడగనివాళ్లతో వాడు ముప్పయ్యేళ్లకు మనసు విప్పమంటే ఏం విప్పుతాడు?

చివరికి ఆర్డీవో ఆఫీసు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద నెలకు 10,000 రూపాయలు మించకుండా భరణం ఇప్పిస్తారు. అక్కడ ఒక పెద్దాయన్ని చూశాను. ప్లాస్టిక్ కవర్లో దానపత్రం జిరాక్సు, దాంతోపాటే బీపీ మాత్రల చీటీ. కొడుకు వరండా ఆ చివర నిలబడి ఉన్నాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించే చుట్టం ఒక్కడూ వెంట రాలేదు. చట్టం రాసినవాళ్లకు ఈ లోటు తెలుసు. విచారణకు ముందే కేసును రాజీ అధికారికి పంపవచ్చని, ఆయన నెలలోగా ఏ సంగతీ తేల్చి చెప్పాలని అందులోనే పెట్టారు. మేనమామ చేసే పనికి సర్కారు మనిషిని పెట్టుకోవాల్సిన గతి పట్టింది మనకు!

భరణం ఆర్డరుతో వస్తుంది. "నాన్నా, తిన్నావా?" అన్న మాట ఏ ఆర్డరుతోనూ రాదు. అందుకే బంధువులకు గట్టిగా చెబుతున్నాను. "మనకెందుకులే" అని తప్పుకోకండి. పిలవకపోయినా వెళ్లండి, నాలుగు మాటలు పడండి. నోటీసులు అందాక వెళితే సాక్షులుగా తప్ప ఎందుకూ పనికిరారు.