సర్వరయ్య పద్యము: టీకా తాత్పర్య సహితము

మూలము

ఆ.వె. పోర్టు తెఱచి యుంచు బుద్ధిమంతుండవై
యడుగువారి కెల్ల నందఁజేయు;
నిన్ను నార్పివేయ నిలుచునే కొలువంత?
సర్వరయ్య! నీకు శరణు శరణు!

అవతారిక

ఈ పద్యం దొరికింది తాళపత్రాల్లో కాదు. ప్రగతి నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో సంఘం ఆఫీసుగా చలామణీ అవుతున్న గది ఒకటి ఉంది. ఆ గదిలోని పాత డెస్క్‌టాప్ సీపీయూ నెత్తిన సెల్లోటేపుతో అంటించిన కాగితం మీద దొరికింది. కవి పేరు లేదు. కాలం కూడా లేదు గానీ, కాగితం వెనకవైపు ట్యాంకరు నీళ్ల రసీదు ఉంది గనుక రచనాకాలం ఎండాకాలమని నిర్ణయించడమైనది. కవి జేఎన్‌టీయూ విద్యార్థి అని కొందరు. కాదు, రోజూ హైటెక్ సిటీకి పోయి వచ్చే మూడో అంతస్తు ఉద్యోగి అని మరికొందరు. బండి ఱ, అరసున్న రెండూ వాడాడు గనుక బడిలో తెలుగు మాస్టారి చేత దెబ్బలు తిన్నవాడన్నది మాత్రం నిర్వివాదం.

సందర్భం ఇది. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల కాలనీలన్నీ పరాయి దేశాల సర్వర్లను కాపాడే మనుషులతో నిండిపోయాయి. ఎక్కడో సముద్రాల అవతల ఒక బ్యాంకు సర్వరు తుమ్మితే ఇక్కడ అర్ధరాత్రి ఫోను మోగుతుంది. అలాంటివాళ్లు అంతస్తుకు నలుగురున్న భవనంలో ట్యాంకర్ల లెక్క, జనరేటరు డీజిలు లెక్క, మెయింటెనెన్సు బకాయిలు మాత్రం లాంగ్ నోటుబుక్కులోనే ఉండేవి. సర్వసభ్య సమావేశంలో ఎవరో లేచి, మన దగ్గరున్న డెస్క్‌టాప్‌లోనే ఒక చిన్న అప్లికేషన్ పెట్టుకుందాం, ఎవరి ఫోనులో వాళ్లు చూసుకుంటారు అన్నారు. అన్నవారికే ఆ పని అప్పగించారు. కవిత్వం అక్కడినుంచి పుట్టింది.

ప్రతిపదార్థము

పోర్టు = ద్వారమును; తెఱచి యుంచు = మూయక నిలిపెడు; బుద్ధిమంతుండవై = వివేకము గలవాడవై; అడుగువారికి + ఎల్లన్ = బ్రౌజరు ముఖమున కోరువారికందఱికిని; అందఁజేయు = కోరిన పేజీని ఇమ్ము; నిన్నున్ = నిన్ను; ఆర్పివేయన్ = స్విచ్చి కట్టివేయగా; కొలువు + అంత = ఈ సభ యంతయును; నిలుచునే = నిలబడునా? నిలబడదని భావము; సర్వరు + అయ్య = ఓ సర్వరు మహాశయా; నీకు శరణు శరణు = నీకు దండము, మఱియును దండము.

తాత్పర్యము

ఓ సర్వరూ! తలుపు తీసిపెట్టుకొని కూర్చొని, అడిగినవారందరికీ అడిగింది ఇస్తూ ఉండు. ఎవరైనా వచ్చి నిన్ను ఆపేస్తే ఈ వ్యవహారమంతా కూలిపోతుంది. కాబట్టి నీకో నమస్కారం, ఇంకో నమస్కారం.

విశేషములు

"పోర్టు తెఱచి" అన్నచోట ఏ పోర్టు అని శంక. యంత్రానికి 65,535 ద్వారాలుండగా కవి ఏకవచనం వాడాడు. ఇక్కడే ప్రతుల మధ్య పాఠభేదం. వెబ్ సర్వరుకు వంశపారంపర్యంగా వచ్చిన ద్వారం 80 అని ఒక పాఠం. 8080 అని అమీర్‌పేట పాఠం. మైత్రీవనం చుట్టుపక్కల జావా నేర్చినవాళ్లంతా జావా సర్వరైన టామ్‌క్యాట్ శిష్యులు, టామ్‌క్యాట్ పుట్టుకతోనే 8080లో కూర్చుంటుంది. టీకాకారుడు 80 పక్షమే. 80 అయితే బ్రౌజరు తానే ఊహించుకుంటుంది. 8080 అయితే చిరునామా చివర కోలన్ పెట్టి అంకె కొట్టాలి. నాలుగో అంతస్తు పెద్దాయన ఫోనులో కోలన్ ఎక్కడుందో వెతికేలోపు ట్యాంకరు నీళ్లు పోసి వెళ్లిపోతుంది.

అయితే 80లో అప్పటికే వేరొకరు కూర్చుని ఉండవచ్చు. వెబ్ సర్వరు అపాచీ, డేటాబేసు మరియాడీబీ, పీహెచ్‌పీ, పెర్ల్ అన్నీ ఒకే పొట్లంగా కట్టి ఇచ్చే జాంప్‌ను విండోస్‌లో దించి, స్టార్ట్ నొక్కగానే ఎర్ర అక్షరాలు కనబడ్డాయంటే కారణం చాలాసార్లు ఇదే. ఎప్పుడో ఆన్ చేసి మరచిపోయిన విండోస్ సొంత వెబ్ సర్వరు ఐఐఎస్ ఆ ద్వారాన్ని పట్టుకొని ఉంటుంది. నెట్‌స్టాట్ -ano కొట్టి, చివరి నిలువు వరుసలోని పీఐడీ పట్టుకొని టాస్క్ మేనేజరులో వెతికితే ఆక్రమణదారు బయటపడతాడు; ఐఐఎస్ అయితే సిస్టమ్ అనే మారుపేరుతో కనబడతాడు. ప్రగతి నగర్ అంబీర్ చెరువు పక్కన బతికేవాళ్లకు ఆక్రమణ అనే మాటకు టీకా అక్కర్లేదు.

"బుద్ధిమంతుండవై" అనే విశేషణం పాదపూరణానికి వేసింది కాదు. ఒక తలుపు తీయడం ఎంత బుద్ధో, పక్క తలుపు మూసి ఉంచడం అంతకు మించిన బుద్ధి. డేటాబేసు కూర్చునే 3306తో సెల్లారు దాటి ఎవరికీ పని లేదు. పైగా జాంప్ పొట్లంలో డేటాబేసు రూట్ ఖాతాకు పాస్‌వర్డే ఉండదు, మనమే పెట్టుకోవాలి. సంస్కృత కావ్యాలకు టీకలు రాసిన కొలచాల మల్లినాథ సూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడంటారు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన టీకా మొదలుపెట్టేముందే మాట ఇచ్చుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు. కానీ పాస్‌వర్డు సంగతి అక్కర్లేనిదని మల్లినాథుడు కూడా అనడు.

ఇక పద్యానికి ఆయువుపట్టు "ఎల్ల". అడుగువారికెల్ల అన్నాడు సరే, ఎల్ల అంటే ఎందరు? ఎక్కడివారు? సర్వరు అమర్చడంలో సగానికి పైగా ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోవడమే.

మొదటిది సంకుచితార్థం. ఎల్ల అంటే తాను ఒక్కడే. 127.0.0.1 అనే చిరునామా యంత్రం తనకు తాను పెట్టుకున్న ముద్దుపేరు. లోకల్‌హోస్ట్ అన్నా అదే. జాంగోతో అప్లికేషన్ రాసి నడిపిస్తే, మనం వేరే చెప్పకపోతే, అది 127.0.0.1లో 8000 ద్వారం దగ్గర కూర్చొని తన మాట తానే వింటుంది. రాసినవాడికి బ్రహ్మాండంగా కనబడుతుంది. "నా దగ్గర వస్తోందండీ" అనే సుప్రసిద్ధ వాక్యం ఈ అర్థంలోనే సత్యం. మా కోశాధికారిగారు ఆ ఉత్సాహంలో వాట్సాప్ గ్రూపులో "అందరూ లోకల్‌హోస్ట్‌లో బకాయిలు చూసుకోగలరు" అని పెట్టారు. ప్రతి ఫోనూ తనలోకి తాను తొంగి చూసుకొని, ఏమీ లేదని చెప్పింది. వేదాంతులకది మహోపదేశం. మెయింటెనెన్సు మాత్రం ఒక్క రూపాయి వసూలు కాలేదు.

రెండో అర్థం, లోపలి నెట్‌వర్కులో ఉన్నవారందరూ అని. అది కావాలంటే 0.0.0.0 అనాలి. ఏ దారిన వచ్చినా వింటాను అని దాని భావం. జాంగోకు ఇదొక్కటే చాలదు, అనుమతించిన పేర్ల పట్టీలో మన చిరునామా కూడా రాయాలి. అపాచీ అయితే "లిసెన్ 80" అన్న ఒక్క ముక్కతో అన్ని దారులకూ చెవి ఒగ్గుతుంది. అంతా అయింది కదా అని ఫోను తీసి చూస్తే పేజీ తిరుగుతూనే ఉంటుంది. ఎందుకంటే ద్వారపాలకుడు వేరే ఉన్నాడు. అపాచీ మొదటిసారి లేచినప్పుడు విండోస్ ఫైర్‌వాల్ ఒక కిటికీ తెరిచి, ప్రైవేటు నెట్‌వర్కులో రానివ్వనా, పబ్లిక్‌లో రానివ్వనా అని వినయంగా అడుగుతుంది. మనవాళ్లకు ఎదురుపడిన కిటికీనల్లా మూసేసే అలవాటు. క్యాన్సిల్ కొడితే అది మౌనంగా ఊరుకోదు. అపాచీని అడ్డుకోమని నియమం రాసుకుంటుంది. ఆ తర్వాత పక్కన ఎన్ని అనుమతులు రాసినా అడ్డుకోమన్న మాటదే పైచేయి. పాత నియమాన్ని వెతికి తీసేయాలి, నెట్‌వర్కును ప్రైవేటుగా మార్చాలి. ఇంత చేసినా అతిథుల వైఫైకి కలిసినవాళ్లకు కనబడకపోవచ్చు. చాలా రౌటర్లలో గెస్ట్ వైఫైకి వచ్చినవాడికి ఇంటర్నెట్ ఇస్తారు గానీ ఇంట్లో మనుషులతో మాట్లాడనివ్వరు. పట్నం మర్యాద.

ఇక్కడ చిరునామా ఛందస్సు కొంచెం చెప్పుకోవాలి. ఐపీ చిరునామాకు నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది బిట్లు. లఘువు, గురువు అనే రెంటితో ఎనిమిది స్థానాలు నింపితే ఎన్ని వృత్తాలు పుడతాయో మన ఛందశ్శాస్త్రకారులు ప్రస్తారం వేసి ఎప్పుడో తేల్చారు: 256. ఎనిమిదో ఛందమైన అనుష్టుప్పులో వృత్తాల సంఖ్య అదే. కనుకనే ఏ పాదంలోనైనా 0 నుంచి 255 దాకానే అంకె ఉంటుంది. 256 అని రాసినవాడిది ఛందోభంగం. మన యంత్రం చిరునామా 192.168.0.105. ఇలా 192.168తో మొదలయ్యేవి మొత్తం 65,536. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం వీటిని, 10తో మొదలయ్యేవాటిని, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవాటిని లోపలి వాడకానికి వదిలేసింది. లోపలిది గనుక ఎవరింట్లో వారు అదే వాడుకోవచ్చు. వాడుకుంటున్నారు కూడా. మూడో అంతస్తులో ఒకాయన తన ఇంటి వైఫైలోనే ఉండి 192.168.0.105 కొట్టి, ఆయన ఇంట్లో ఆ అంకె దక్కించుకున్న టీవీని ట్యాంకర్ల లెక్క అడిగాడు. ఒకే భవనంలో ఉన్నంత మాత్రాన ఒకే నెట్‌వర్కు కాదు. ఫ్లాటుకో కనెక్షను, కనెక్షనుకో రౌటరు. సర్వరును చూడాలంటే సంఘం వైఫైకి కలవాలి. కలవాలంటే ఆ సిగ్నలు అందేంత దగ్గరకు రావాలి, అంటే సెల్లారులోకి దిగాలి. దిగినవాళ్లకు అక్కడే గోడ మీద నోటుబుక్కు వేలాడుతూ కనబడుతుంది. దీనికి టీకాకారుడి దగ్గర సమాధానం లేదు.

చిరునామా మారిపోవడం ఇంకో తగాదా. రౌటరు అంకెలను అద్దెకు ఇస్తుంది. గడువు తీరాక నిన్నటి 105 నేడు 108 కావచ్చు. నోటీసు బోర్డు మీద అచ్చువేసిన చిరునామా అబద్ధమవుతుంది. రౌటరు సెట్టింగుల్లోకి వెళ్లి, యంత్రం మ్యాక్ నంబరుకు 105ను శాశ్వతంగా రాసిచ్చేస్తే సరి. పది నిమిషాల పని. రౌటరు పాస్‌వర్డు ఎవరికైనా గుర్తుంటే.

ఎల్ల శబ్దానికి మూడో అర్థం అతివ్యాప్తి: లోకమంతా అని. సెక్రటరీగారి అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఫ్లాటు వాళ్లదే గనుక లెక్కలు అక్కడినుంచి చూస్తానన్నాడు. దానికి రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ చేయాలి. చాలా ఇంటర్నెట్ కంపెనీలు వందల ఇళ్లకు కలిపి బయట ఒకే చిరునామా ఇస్తాయి గనుక అది కుదరకపోవచ్చు కూడా. 2012లో ఆ పద్ధతికోసమే 100.64తో మొదలయ్యే దొంతర ఒకటి కేటాయించారు. మీ రౌటరుకు వచ్చిన చిరునామా 100.64 నుంచి 100.127 లోపల ఉంటే సంగతి అదే. కుదిరినా చేయకూడదన్నది టీకాకారుడి సిద్ధాంతం. తలుపు బయటికి తెరిచిన కాసేపటికే ఎక్కడెక్కడి యంత్రాలో వచ్చి గడియ కదిలించి చూస్తాయి. వాటికి మన ట్యాంకర్ల మీద ఆసక్తి ఉండదు. డల్లాస్ అబ్బాయికి వీపీఎన్ ఇవ్వండి, లేదా వాళ్ల నాన్నగారినే ఫొటో తీసి పంపమనండి.

లోపలివాళ్లలో మళ్లీ ఎవరికి ఏది? "అందఁజేయు" అన్నాడని ఉన్నదంతా అందజేయడం కాదు. 403 అని నిరాకరించడమూ, 404 అని లేదనడమూ అందజేయడమే. పేరు పొందిన పొరపాటు ఒకటి ఉంది. పేజీలన్నీ ఉండే హెచ్‌టీడాక్స్ ఫోల్డరులో ఇండెక్స్ ఫైలు లేని చోట అపాచీ, జాంప్ సెట్టింగులు మార్చకపోతే, లోపల ఏమేం ఉన్నాయో పట్టీ వేసి చూపిస్తుంది. ఎవరో "బకాయిలు పూర్తి లిస్టు ఫైనల్ 2" అనే ఎక్సెల్‌ను అక్కడ పడేసి వెళ్లారు. ఆ వారం వసూళ్లు బాగా పెరిగాయి గనుక కొందరు దీన్ని గుణంగానే పరిగణిస్తారు. అయినా దోషం దోషమే. ఆ ఫోల్డరుకు ఇండెక్సెస్ తీసేసి, కమిటీ పేజీలకు వేరే లాగిన్ పెట్టాలి. పాత పుస్తకాలు చూసి "ఆర్డర్ అలౌ డినై" అని రాసేవాళ్లు 2012లో వచ్చిన అపాచీ 2.4 నుంచి వ్యాకరణం మారిందని, ఇప్పుడు "రిక్వైర్" అనాలని గుర్తుంచుకోవాలి. రెండు వ్యాకరణాలూ కలిపి రాస్తే లోపల ఎవరుంటారో రాసినవాడికే తెలియదు.

"నిన్ను నార్పివేయ" అన్న పాదానికి చరిత్ర ఉంది. ఒక రాత్రి సర్వరు ఆగిపోయింది. తెల్లారి అడిగితే వాచ్‌మన్ "ఎవ్వరు లేరు గదా సార్, కరెంటెందుకు దండగని బంద్ చేసిన" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. మనిషి లేని గదిలో లైటు ఆపమని ఆయనకు చెప్పింది ఈ కమిటీయే. కాగితం ఆ రోజే అంటించారు. ఇలాంటి చీటీకి పూర్వోదాహరణ కూడా గొప్పదే. 1990 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్‌లో టిమ్ బర్నర్స్-లీ ప్రపంచంలోని మొట్టమొదటి వెబ్ సర్వరును నడిపింది బల్ల మీది నెక్స్ట్ కంప్యూటరులోనే. దాని మీదా ఎర్ర సిరాతో చేత్తో రాసిన చీటీ ఉంది: ఈ యంత్రం సర్వరు, ఆపవద్దు అని. వాళ్లది వచనం, మనది ఆటవెలది.

మనుషులు ఆపకపోయినా యంత్రం తనంతట నిద్రపోతుంది. పవర్ సెట్టింగుల్లో స్లీప్‌ను నెవర్ చేయాలి. అపాచీని సర్వీసుగా ఎక్కించాలి. లేకపోతే అప్‌డేటు వచ్చి యంత్రం తిరిగి లేచినప్పుడల్లా ఎవరో ఒకరు లాగిన్ అయి స్టార్ట్ నొక్కాలి. ఆ ఎవరో ఒకరు తిరుపతి వెళ్లి ఉంటారు. కరెంటు పోయి వచ్చాక స్విచ్చి నొక్కే పని లేకుండా తానే లేచేలా బయోస్‌లో ఒక ఎంపిక ఉంటుంది, అదీ పెట్టుకోవాలి. అపార్ట్‌మెంటు జనరేటరు లిఫ్టుకూ, మెట్ల లైట్లకూ మాత్రమే. సంఘం గది ఆ లైనులో లేదు. లైను కలపాలన్న తీర్మానం పెండింగులో ఉంది.

చివరి పాదంలో "శరణు శరణు" అన్నది పునరుక్తి దోషమని ఒక ఆక్షేపణ. గణాలు సరిపోవడానికి కవి రెండుసార్లు అన్నాడని వారి మాట. అది సాధువు కాదు. మొదటి శరణు యంత్రం నడుస్తున్నందుకు. హార్డ్ డిస్కు పోతే ఏమిటన్న ప్రశ్నకు రెండోది. రెండేళ్ల ట్యాంకర్ల లెక్కకు బ్యాకప్ ఉందా అని సమావేశంలో అడిగితే కోశాధికారిగారు తడుముకోకుండా ఉందన్నారు. చూపించమంటే వెంటనే చూపించారు కూడా: అదే కంప్యూటరు, అదే డిస్కు, డి డ్రైవు.